సాగుకే ఉంచాల్సిన భూమి ఏదో ఎలా తేలుస్తారు?

ఊరి భూవినియోగ ప్రణాళికలో ఏ నేలను సేద్యానికి వదలాలి, ఇళ్లు ఎటు రావాలి అన్నది ముందు నేలను చూసి తేల్చాలి. రోడ్డు, ధర ఆ తర్వాతే. అమెరికా నేలల సంరక్షణ సంస్థ రూపొందించిన పద్ధతిలో భూములు 8 తరగతులు. 1 నుంచి 4 దాకా దున్నదగినవి, 5 నుంచి 7 దాకా పచ్చికకు, అడవికి; 8వ తరగతి వన్యప్రాణులకు వదిలేసేది. లోతు, వాలు, నిలిచిన నీరు బయటికి పోయే తీరు, రాళ్లు, మట్టి కోతను బట్టి తరగతి వేస్తారు.

గుంత తవ్వి చూడకుండా తరగతి రాయొద్దు. మీటరున్నర లోతు గుంత గోడలో బూడిద రంగు మట్టి మధ్య తుప్పు మచ్చలుంటే, ఏటా కొంతకాలం అక్కడ నీరు నిలుస్తోందన్నమాట. తడి మట్టిని బొటనవేలితో చూపుడువేలి మీద నొక్కి పట్టీలా సాగదీయండి. 2.5 సెంటీమీటర్ల లోపే తెగితే గరప, 5 దాటినా నిలిస్తే బంకమట్టి.

చాలా ప్రణాళికలు పటం దగ్గరే దెబ్బతింటాయి. 1:50,000 పటంలో మిల్లీమీటరు గీత నేల మీద 50 మీటర్లు! చిన్న కమతాలు ఆ గీత కిందే మాయమవుతాయి. కనీసం 1:10,000 కావాలి.

ఇక ఇళ్లు. పొలాల నడుమ అక్కడొకటి ఇక్కడొకటి అనుమతిస్తే పోయేది ఆ కాస్త స్థలమే కాదు. ఇంటికని ఎత్తు చేసిన దారి వాననీటికి అడ్డుకట్టవుతుంది. తూము పెట్టకపోతే ఎగువ చేలో నీరు నిలిచి పైరు వేర్లు కుళ్లుతాయి. మందు పిచికారీ మీద, యంత్రాల రొద మీద తగాదాలు సరేసరి. కొత్త ఇళ్లను ఉన్న ఊరికే ఆనించండి. ఊరికీ సాగుభూమికీ మధ్య హద్దును కాలువ, గట్టు లాంటి కంటికి కనిపించే గుర్తు వెంట గీస్తే తర్వాత జరపడం అంత తేలిక కాదు.