క్యాబినెట్ విప్పకుండా కార్డు కొనకు

ఒంగోలు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు స్టూడియో సిస్టంలో గ్రాఫిక్స్ కార్డు వేయిస్తానని, పినాకిని రైల్లో మద్రాసు వెళ్లి, కంప్యూటర్ సామాన్ల షాపులుండే రిచీ స్ట్రీట్‌లో కొనుక్కొస్తానని ఫోన్‌లో అన్నావు. అప్పుడే వద్దంటే పాతకాలం మనిషి మాట అనుకుంటావని ఊరుకున్నాను. తీరిగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

నీ దగ్గరున్నది కంపెనీ డెస్క్‌టాప్, అదీ ఎవరో ఆఫీసులో వాడి వదిలేసింది. మదర్‌బోర్డు ఒకచోట, లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ ఇంకొకచోట కొని మనం బిగించుకునే అసెంబుల్డ్ సిస్టం కాదు. బయటికి రెండూ నల్ల డబ్బాలే, లోపలి లెక్కే వేరు. కంపెనీవాళ్లు టాలీ, ఎక్సెల్ నడవడానికి ఎంత కరెంటు కావాలో అంతే ఇచ్చే ఎస్ఎంపీఎస్ పెడతారు, ఎంత చోటు కావాలో అంత క్యాబినెట్టే చేస్తారు. మోసమని నేననను. కావలిలో ఒకడు దాని మీద పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడని వాళ్లు కల గన్నారా?

ముందు ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, పక్క డోరు తియ్యి. ఎస్ఎంపీఎస్ మీద లేబుల్ ఉంటుంది. అందులో మొత్తం వాట్ల కన్నా 12 వోల్టుల గడి ముఖ్యం. అక్కడున్న యాంపియర్లను 12తో గుణించు. 15 యాంపియర్లుంటే 180 వాట్లు. నీ ఐ5-6500 ప్రాసెసర్‌కి 65 వాట్లు, డిస్కులకీ ఫ్యాన్లకీ కొంత తీసేస్తే మిగిలేదే కార్డు వాటా.

బోర్డు మీద కార్డు గుచ్చే స్లాట్ ఏ కార్డుకైనా 75 వాట్లకు మించి ఇవ్వదు. అంతకన్నా ఎక్కువ తాగే కార్డుకి ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా వైరు రావాలి. ఆరు పిన్నులదైతే ఇంకో 75, ఎనిమిది పిన్నులదైతే 150 వాట్లు. ఆఫీసు డబ్బాల్లో ఆ వైరు సాధారణంగా ఉండదు. ఇక్కడే ఒక మాట గుర్తుపెట్టుకో. ఆర్‌టీఎక్స్ 3050 అని ఒకే పేరుతో 6 జీబీదీ ఉంది, 8 జీబీదీ ఉంది. మొదటిది 70 వాట్లు, స్లాట్ కరెంటుతోనే నడిచేస్తుంది. రెండోది 130 వాట్లు, దానికి వేరే వైరు కావాలి. రద్దీలో షాపువాడు ఏది చేతికిస్తే అది తెచ్చుకున్నావంటే ఇంటికొచ్చి తల పట్టుకోవాల్సిందే.

'ఎస్ఎంపీఎస్ మార్చేస్తే పోలా' అంటావు. నేనూ అలాగే అనుకున్నాను. షాపు పెట్టిన కొత్తల్లో ఒక ఆడిటర్ గారి కంపెనీ సిస్టంలో ఎస్ఎంపీఎస్ పోయింది. కంపెనీ పార్టు రావడానికి వారం పడుతుందన్నారు, ఆయనకేమో రిటర్నుల టెన్షన్. మామూలు ఎస్ఎంపీఎస్‌కి 24 పిన్నుల ప్లగ్ ఉంటుంది, ఆ బోర్డుకి చిన్నది. వైర్లు కోసి, రంగులు చూసి కలిపేశాను. పసుపు పసుపే కదా, నలుపు నలుపే కదా అని నా ధీమా. స్విచ్ వేస్తే ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగింది, ఆ వెంటనే కాలిన వాసన. బోర్డు నా జేబులోంచి కొనిచ్చాను. మీ అత్తకి ఆ నెల ఏం చెప్పానో ఇప్పటికీ అడగొద్దు.

ఇప్పుడు మార్పిడి కేబుళ్లు రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి. అయినా ఒకే కంపెనీలో మోడల్ మారితే పిన్నుల వరస మారిపోతుంది. కొన్నింట్లో హార్డ్‌డిస్క్‌కి కరెంటు కూడా బోర్డు నుంచే వస్తుంది. నీ మోడల్ నంబరు అక్షరం పొల్లుపోకుండా కేబుల్ మీద రాసుంటేనే కొను. నీది సన్న క్యాబినెట్ అయితే మామూలు ఎస్ఎంపీఎస్ అసలు పట్టదు. అది 150 మిల్లీమీటర్ల వెడల్పు, 86 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. సన్న క్యాబినెట్‌లో కార్డు కూడా సగం ఎత్తుదే కావాలి. ఇంటి నుంచి ఒక టేపు తీసుకెళ్లి కొలుచుకో, సిగ్గేం లేదు.

ప్రాసెసర్ మారుద్దామనే ఆలోచన అసలే వద్దు. నీ బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరు 1151. ఎనిమిదో తరం ఐ7 సాకెట్ పేరూ 1151నే, చూడ్డానికి అందులో కూర్చుంటుంది, కానీ నీ బోర్డు మీద నడవదు. 2017లో ఇంటెల్ పేరు అదే ఉంచి లోపలి వైరింగ్ మార్చేసింది.

ఇంకో సంగతి. నీది ఆరో తరం కాబట్టి విండోస్ 11 దాన్ని ఒప్పుకోదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే సపోర్టు, సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో అయిపోయాయి. పెళ్లివాళ్ల డేటా ఉండే సిస్టం అది. దానికి ఇరవై వేల కార్డు తగిలించడం నాకు మింగుడు పడటం లేదు.

మరి ఏం చెయ్యాలంటే, టాస్క్ మేనేజర్‌లో మెమరీ నొక్కితే ర్యామ్ స్లాట్లలో ఎన్ని నిండాయో చూపిస్తుంది. 8 జీబీ ఒక్కటే ఉంటే అలాంటిదే ఇంకోటి వెయ్యి. ర్యామ్ రకం డీడీఆర్3నా, డీడీఆర్4నా, లాప్‌టాప్‌లో వాడే చిన్న ర్యామా అన్నది విప్పి చూశాకే కొను. ఎంతవరకు తీసుకుంటుందో వెనక స్టిక్కర్ మీది సీరియల్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి సర్వీస్ మాన్యువల్ దించుకుంటే తెలుస్తుంది. విప్పినప్పుడే పాత ర్యామ్ కాళ్లు రబ్బరుతో రుద్దు, మీ ఊరి సముద్రం గాలికి అవి నల్లబడతాయి.

హార్డ్‌డిస్క్ తీసేసి, దాని వైర్లకే తగిలే సాటా ఎస్ఎస్‌డీ (వేగంగా నడిచే డిస్క్) పెట్టు. బోర్డు మీద చిన్న ఎం.2 స్లాట్ కనబడితే ఎస్ఎస్‌డీకే అని ఎగరకు, అది వైఫై కార్డుది కావచ్చు. కొత్త కెమెరా ఫుటేజ్ రంగుల వివరం ఎక్కువుండే 10 బిట్‌దైతే నీ ప్రాసెసర్ తడబడుతుంది. అప్పుడు ప్రాక్సీ ఫైళ్లు, అంటే అసలు ఫుటేజ్‌కి తేలికపాటి కాపీలు చేసుకుని ఎడిట్ చెయ్యి. పెళ్లిళ్ల సీజన్ దానితో గట్టెక్కుతుంది. ఆ డబ్బులొచ్చాక కొత్త బోర్డు, 550 వాట్ల ఎస్ఎంపీఎస్, వెడల్పు క్యాబినెట్ కొని తెచ్చుకో, నేనొచ్చి బిగిస్తాను. నీ కార్డు సరదా అందులో తీర్చుకుందువుగాని.

ఆదివారం డోరు తీసి లేబుల్ ఫోటో, బోర్డు ఫోటో వాట్సాప్‌లో పంపు. పినాకినికి టికెట్ ఆ తర్వాతే తియ్యి.

మీ మామయ్య