గిటార్ పడితే చేతికి తిమ్మిరి: లోపం చేతిదా, వాయిద్యానిదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34 ఏళ్లు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం. ఐదు నెలల క్రితం ఒకరు వాడిన ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కుని నేర్చుకోవడం మొదలుపెట్టాను. రాత్రిపూట దాదాపు రెండు గంటలు ఆపకుండా, ఎక్కువగా నిలబడే వాయిస్తాను. రెండు నెలలుగా ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి ఉంటోంది. మూడు వారాలుగా తెల్లవారుజామున బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. చేయి విదిలిస్తే తగ్గుతుంది. బార్ కార్డులు (ఒకే వేలితో తీగలన్నీ అదిమి పట్టేవి) పట్టాలంటే బలమంతా పెట్టాల్సి వస్తోంది. వేళ్లు గట్టిపడేదాకా నొప్పి మామూలేనని నేర్పే మాస్టారు అంటున్నారు. మిత్రుడొకరు గిటార్‌కు సెటప్ (తీగల ఎత్తు వగైరా సరిచేయడం) చేయించమంటున్నారు. తీగల మందం 11 గేజ్. పన్నెండో ఫ్రెట్ (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర తీగ ఎత్తును స్కేలుతో కొలిస్తే 3 మిల్లీమీటర్లు ఉంది. నా చేయి ఈ వాయిద్యానికి పనికిరాదా? వాయించడం మానేయాలా?

జవాబు: మీ చేయి పనికిరాదని మీరు రాసినదాంట్లో ఎక్కడా కనిపించడం లేదు. తీగల గేజ్, పన్నెండో ఫ్రెట్ దగ్గరి ఎత్తు కూడా రాసి పంపడం నాకు ఎంతో ఉపయోగపడింది, ఎందుకంటే మీ బాధలో పెద్ద వాటా ఆ రెండు అంకెలలోనే ఉందని నా అభిప్రాయం. అయితే గిటార్‌ను సరిచేయించినంత మాత్రాన ఇప్పటికే ఒత్తిడికి గురైన నరం మర్నాటికి కుదుటపడదు కాబట్టి, వాయిద్యానికీ చేతికీ రెండింటికీ ఒకేసారి చికిత్స మొదలుపెట్టాలి.

ముందుగా మాస్టారు చెప్పిన మాట గురించి. కొత్తగా నేర్చుకునేవారికి వేలి కొనల చర్మం మండడం, ఎర్రబడడం సహజమే. కొన్ని వారాలలో చర్మం మందమై ఆ బాధ తగ్గిపోతుంది, అంతవరకు ఆయన చెప్పింది నిజం. కానీ మీ నొప్పి వేలి కొనలో లేదు, బొటనవేలి మొదట్లో ఉంది. మీ తిమ్మిరి వాయించేటప్పుడు కాక నిద్రలో వస్తోంది. చర్మం గట్టిపడితే తగ్గే బాధలు కావివి. ఓర్చుకుని వాయిస్తే అలవాటైపోతుందన్న సలహాను టెండన్ల (కండరాలను ఎముకలకు కలిపే తాళ్ల) నొప్పికీ నరాల తిమ్మిరికీ వర్తింపజేయడం వల్ల కొన్ని వారాల్లో నయం కావలసినవి నెలల తరబడి సాగుతాయి.

మీ తిమ్మిరి తీరు చూస్తే మణికట్టు దగ్గర మీడియన్ నరం నలుగుతున్నట్లు అనిపిస్తోంది. దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు ఎముకలకూ, వాటికి అడ్డంగా ఉండే దృఢమైన పట్టీకీ మధ్య ఇరుకైన సొరంగం లాంటి దారి ఉంటుంది. వేళ్లను, బొటనవేలిని ముడిచే తొమ్మిది టెండన్లు, వాటితో పాటు ఈ ఒక్క నరం ఆ దారిలోంచే అరచేతిలోకి వస్తాయి. టెండన్ల చుట్టూ ఉండే పొర ఉబ్బినా, మణికట్టు చాలాసేపు వంగి ఉన్నా లోపల ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం ఈ నరం పరిధిలోనివి. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుంటుంది కనుకనే తెల్లవారుజామున తిమ్మిరితో మెలకువ వస్తుంది. చేయి విదిలిస్తే తగ్గడం కూడా ఈ జబ్బులో తరచుగా వినే మాటే. చిటికెన వేలు తిమ్మిరెక్కితే మాత్రం మోచేతి దగ్గరి అల్నార్ నరాన్ని అనుమానించాలి. మీరు ఆ వేలి గురించి రాయలేదు గనుక దాని జోలికి పోను.

బొటనవేలి మొదట్లోని నొప్పికి రెండు కారణాలు ఉండవచ్చు. గిటార్ నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి భాగం) వెనుక బొటనవేలిని గట్టిగా నొక్కిపెట్టడం వల్ల ఆ వేలి కింది కండరాలు అలిసిపోవడం ఒకటి. మణికట్టుకు బొటనవేలి వైపున ఉండే రెండు టెండన్ల తొడుగు వాచే డీ కెర్వాన్ వ్యాధి రెండోది. బొటనవేలిని మడిచి దానిపై మిగతా వేళ్లతో పిడికిలి బిగించి, మణికట్టును మెల్లగా చిటికెన వేలి వైపు వంచినప్పుడు బొటనవేలి వైపున చురుక్కున నొప్పి వస్తే రెండోదాన్ని అనుమానిస్తాం. బలంగా వంచితే ఆరోగ్యవంతులకు కూడా నొప్పి వస్తుంది కాబట్టి ఈ పరీక్షను సున్నితంగా చేసుకోవాలి.

ఇక గిటార్ విషయానికి వస్తాను. చేతి నొప్పితో వచ్చిన వాద్యకారులను వీలైతే వాయిద్యాన్ని కూడా వెంట తెమ్మని అడుగుతాను. చేతిని ఎంత శ్రద్ధగా పరీక్షించినా, ఆ చేయి రోజూ ఎంత బరువు మోస్తోందో గిటార్‌ను చూస్తేగాని అర్థం కాదు.

తీగను ఫ్రెట్‌కు ఆనించడానికి మీ వేలు పెట్టవలసిన బలం రెండింటిపై ఆధారపడుతుంది: తీగలో ఉన్న బిగువు ఎంత, దాన్ని కిందికి ఎంత దూరం నొక్కాలి. ఒకే స్థాయిలో శ్రుతి చేసినప్పుడు మామూలు ఉక్కు తీగలో బిగువు దాని వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 11 గేజ్ సెట్‌లో అన్నిటికన్నా సన్నని తీగ మందం 0.011 అంగుళం, అంటే సుమారు 0.28 మిల్లీమీటర్లు. 9 గేజ్ సెట్‌లో అది 0.009 అంగుళం. తేడా కంటికి ఆనదు. అయినా 25.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) ఉన్న గిటార్ మీద 9 గేజ్ తీగ దాదాపు 6 కిలోల బిగువుతో ఉంటే, అదే శ్రుతిలో 11 గేజ్ తీగ దాదాపు 9 కిలోల బిగువుతో ఉంటుంది. అంటే ఒకటిన్నర రెట్లు. స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్ల స్కేల్ 25.5 అంగుళాలు, లెస్ పాల్ తరహావాటి స్కేల్ సుమారు 24.75 అంగుళాలు. అవే తీగలు ఈ రెండో రకం మీద దాదాపు 6 శాతం తక్కువ బిగువుతో అదే శ్రుతి పలుకుతాయి. చేతులు చిన్నవైనవారికి ఫ్రెట్ల మధ్య ఎడం కూడా కొంత తగ్గుతుంది.

తీగ ఎత్తును గిటారిస్టులు యాక్షన్ అంటారు. ఎలక్ట్రిక్ గిటార్లలో పన్నెండో ఫ్రెట్ దగ్గర అది సాధారణంగా సన్నని తీగ వైపు 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్లు, మందపు తీగ వైపు 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటుంది. మీది 3 మిల్లీమీటర్లు. మందమైన తీగలు, అంత ఎత్తు కలిసి ఉన్న గిటార్ మీద రోజూ రెండు గంటలు కసరత్తు చేసిన చేయి మొరాయించడంలో వింత లేదు.

కొలిచేవారు తరచుగా మరచిపోయే చోటు ఒకటుంది. అది నట్, అంటే నెక్ పైచివర తీగలు కూర్చునే చిన్న పలక. అందులోని గాట్లు తగినంత లోతుగా లేకపోతే, పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎత్తు సరిగ్గానే ఉన్నా మొదటి మూడు ఫ్రెట్లలో తీగ మొండికేస్తుంది. నట్‌కూ మొదటి ఫ్రెట్‌కూ మధ్య దూరం కొద్దిపాటిదే కనుక అక్కడ తీగను నొక్కడానికి చాలా బలం కావాలి. కొత్తగా నేర్చుకునేవారిని ఎఫ్ మేజర్ బార్ కార్డు అంతగా ఏడిపించడానికి వేళ్ల బలహీనత ఎంత కారణమో, చాలా గిటార్లలో నట్ కూడా అంతే కారణం. తీగను రెండో, మూడో ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సందు చూడండి. వెంట్రుక పట్టేంత సందు ఉంటే చాలు. స్పష్టంగా వెలుతురు కనిపిస్తుంటే గాట్లు లోతు చేయించాలి. ఇది ఇంట్లో చేసే పని కాదు, ఒక్క గీటు ఎక్కువైతే నట్ మార్చవలసి వస్తుంది.

నెక్ వంపు కూడా చూపించండి. తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, నెక్ బాడీతో కలిసేచోట ఒకేసారి నొక్కితే ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల సందు ఉండడం సాధారణం. అంతకన్నా బాగా ఎక్కువైతే నెక్ తీగల బిగువుకు ముందుకు వంగిందన్నమాట. నెక్ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీని కొద్దిగా తిప్పి దీన్ని సరిచేస్తారు. గాలిలో తేమ మారినప్పుడు చెక్క కూడా మారుతుంది గనుక ఒకసారి చేయించిన సెటప్ శాశ్వతంగా ఉండదు. వాతావరణం బాగా మారినప్పుడు మళ్లీ కొలవాలి.

యాక్షన్‌ను ఎంత తగ్గిస్తే చేతికి అంత మంచిదని మాత్రం అనుకోవద్దు. తీగ మరీ కిందికి దిగితే ఫ్రెట్లకు తగిలి జరజరమంటుంది. ఆ చప్పుడు విన్న వాద్యకారుడు తాను సరిగ్గా నొక్కలేదేమోనని ఇంకా గట్టిగా నొక్కుతాడు. తీగ ఎత్తు వల్ల పడిన శ్రమ పోయి, దాని స్థానంలో అనుమానం వల్ల పడే శ్రమ వస్తుంది. శుభ్రమైన స్వరం పలికేంత ఎత్తు, అంతకు మించి వద్దు.

మీకు నా సూచన ఇది: 9 గేజ్ తీగలు వేయించి, వాటికి తగినట్టు నెక్, నట్, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) మూడూ సరిచేయమని గిటార్ పని తెలిసిన వ్యక్తిని అడగండి. తీగలు మార్చి మిగతావి వదిలేస్తే బిగువు తగ్గిన నెక్ వెనక్కి వాలి, పైన చెప్పిన జరజర మొదలవుతుంది. ఈలోగా మొత్తం శ్రుతిని అర స్వరం తగ్గించుకున్నా బిగువు దాదాపు 11 శాతం తగ్గుతుంది. సన్నని తీగలు నేర్చుకునేవారికే అన్న అపోహ వాద్యకారులలో ఉంది. 1965లో బ్రిటిష్ గిటారిస్టు టోనీ అయోమీకి 17 ఏళ్ల వయసులో కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో తీగలు నొక్కే చేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ఆయన ఆ వేళ్లకు తానే తొడుగులు చేసుకుని, సన్నని తీగలు వాడి, తరువాత శ్రుతిని కూడా తగ్గించి వాయించారు. హెవీ మెటల్ సంగీతానికి పునాది వేసినవారిలో ఆయన ఒకరు. వాయిద్యాన్ని చేతికి అనుగుణంగా మార్చుకోవడం వల్ల సంగీతానికి వచ్చే నష్టం ఏమీ లేదని ఆయన చేతులే చెబుతాయి.

మీరు నిలబడి వాయిస్తానన్నారు, గిటార్‌ను భుజానికి వేలాడదీసే స్ట్రాప్ పొడవు రాయలేదు. ఒక చిన్న ప్రయోగం చేయండి. మణికట్టును అరచేతి వైపు పూర్తిగా వంచి పిడికిలి బిగించడానికి ప్రయత్నించండి. వేళ్లు పూర్తిగా ముడుచుకోవు, పట్టులో బలం ఉండదు. గిటార్‌ను తొడల మీదికి వేలాడదీసి వాయించేవారి ఎడమ మణికట్టు దాదాపు ఈ స్థితిలోనే ఉంటుంది. పట్టు బలహీనమవుతుంది, దాన్ని భర్తీ చేయడానికి కండరాలు మరింత బిగుసుకుంటాయి, సరిగ్గా అదే సమయంలో ఆ సొరంగంలో ఒత్తిడి కూడా పెరుగుతుంది. కుర్చీలో నిటారుగా కూర్చున్నప్పుడు గిటార్ ఏ ఎత్తులో ఉంటుందో, లేచి నిలబడినా అదే ఎత్తులో ఉండేలా స్ట్రాప్‌ను కుదించండి. నెక్ చివర కాస్త పైకి లేచి ఉంటే మణికట్టు తిన్నగా ఉంటుంది. గిటార్ 4 కిలోలకు పైబడి బరువుంటే వెడల్పాటి స్ట్రాప్ భుజానికి మేలు.

వేలు పెట్టే చోటు కూడా ముఖ్యమే. రెండు ఫ్రెట్ల నడుమ కాకుండా, స్వరం పలికే ఫ్రెట్‌కు సరిగ్గా వెనుకనే నొక్కితే తక్కువ బలం చాలు. తీగ మీద వేలు ఊరికే ఆనించి, మీటుతూ, నెమ్మదిగా బలం పెంచుతూ పోండి. స్వరం శుభ్రంగా పలికిన క్షణం దగ్గర ఆగండి. ఇన్నాళ్లూ మీరు పెట్టిన బలంలో ఎంత భాగం అనవసరమో అప్పుడు వేలికే తెలుస్తుంది. ఆ తరువాత బొటనవేలిని నెక్ నుంచి కొద్దిగా ఎత్తి అదే స్వరం వాయించి చూడండి. సెటప్ సరిగ్గా ఉన్న గిటార్ మీద ఇది సాధ్యమే.

ఇప్పుడు చేతి చికిత్స. రెండు వారాలు ఎడమ చేత్తో తీగలు నొక్కడం ఆపండి. సంగీతం మానేయనక్కర లేదు, ఖాళీ తీగల మీద కుడిచేతి పిక్ సాధన, లయ, వినికిడి అభ్యాసం చేసుకోవచ్చు. రాత్రి పడుకునేటప్పుడు మణికట్టును తిన్నగా ఉంచే స్ప్లింట్‌ను ఆరు వారాల పాటు కట్టుకోండి. బొటనవేలి నొప్పి నిలిచే ఉంటే ఆ వేలిని కూడా కదలనివ్వని స్ప్లింట్ అవసరం కావచ్చు. నొప్పి మాత్ర వేసుకుని వాయించడం మాత్రం వద్దు. చేయి చేసే హెచ్చరిక వినిపించకుండా పోతుంది, పైగా ఆ మాత్రలు కడుపుకూ కిడ్నీలకూ చేటు చేయగలవు. పగలంతా మీరు కంప్యూటర్ మీద పనిచేస్తారు కాబట్టి కీబోర్డు, మౌస్ దగ్గర మణికట్టు పైకి వంగి ఉందేమో చూసుకోండి. రాత్రి గిటార్ పట్టేసరికే ఆ చేయి ఎనిమిది గంటలు శ్రమపడి ఉంటుంది.

రెండు వారాల తరువాత తిమ్మిరి తగ్గితే, సరిచేసిన గిటార్ మీద రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు మాత్రమే మొదలుపెట్టి వారం వారం కొద్దికొద్దిగా పెంచండి. బార్ కార్డులను, తీగను పక్కకు లాగే బెండ్లను అన్నిటికన్నా చివర మొదలుపెట్టండి. తరువాతి కాలంలో కూడా 25 నిమిషాలకు ఒకసారి గిటార్ కింద పెట్టి ఐదు నిమిషాలు చేతిని వదులుగా ఉంచండి. రెండు గంటలు ఏకబిగిన చేసే సాధన కన్నా ముక్కలుగా చేసే గంట సాధన మీ ప్రస్తుత స్థితిలో ఎక్కువ ఫలితం ఇస్తుంది.

డాక్టర్‌ను కూడా ఒకసారి కలవండి. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారిలో మణికట్టు నరం తేలిగ్గా నలుగుతుంది. విటమిన్ బి12 లోపం వల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి. మామూలు రక్తపరీక్షలతో ఇవి తెలుస్తాయి. అవసరమైతే నరాల పనితీరు పరీక్ష చేస్తారు. ఆరు వారాల స్ప్లింట్‌కు లొంగనివారికి స్టెరాయిడ్ ఇంజెక్షన్, అవసరమైతే చిన్న శస్త్రచికిత్స ఉన్నాయి. మీరు మూడో వారంలోనే అడిగారు కాబట్టి అంతదూరం రాదనే ఆశిస్తున్నాను.

తిమ్మిరి పగలు కూడా వదలకుండా ఉన్నా, చేతిలోని వస్తువులు జారిపోతున్నా, బొటనవేలి కింది కండ పలచబడినట్లు కనిపించినా, వేలు ముడిస్తే చిక్కుకుని టక్కుమని తెరుచుకుంటున్నా, మెడ నుంచి చేతిలోకి నొప్పి పాకుతున్నా రెండు వారాలు ఆగకుండా వెంటనే వెళ్లండి. నొప్పి ఏమీ లేకుండానే, గిటార్ పట్టినప్పుడు మాత్రమే ఒక వేలు తనంతట తాను ముడుచుకుపోవడం ఫోకల్ డిస్టోనియా అనే వేరే సమస్య కావచ్చు. దానికి నరాల నిపుణుల సలహా కావాలి. కలిసేటప్పుడు గిటార్‌ను వెంట తీసుకెళ్లి, మీరు ఎలా నిలబడి ఎలా పడతారో చూపించండి. కుదరకపోతే వాయిస్తున్నప్పుడు ఎడమ మణికట్టు పక్కనుంచి కనిపించేలా ఒక నిమిషం వీడియో తీసుకెళ్లినా సరిపోతుంది.