ఈ వెబర్లంతా ఒకే ఇంటివాళ్లా?

ప్రశ్న: ఫిజిక్స్‌లో అయస్కాంత అభివాహానికి ప్రమాణం వెబర్, సైకాలజీలో వెబర్ నియమం, సోషియాలజీలో మాక్స్ వెబర్, జాగ్రఫీలో పరిశ్రమలు ఎక్కడ పెట్టాలో చెప్పిన వెబర్. చదువుతుంటే అందరూ కలిసిపోతున్నారు. వీళ్లు ఒకరికొకరు ఏమవుతారు?

జవాబు: ఈ నలుగురూ రెండిళ్ల వాళ్లండీ, ఇంటికిద్దరు అన్నదమ్ములు. ఇదొక్కటి గుర్తుంటే టెన్షన్ అక్కర్లేదు. మొదటి ఇద్దరూ జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో పుట్టారు, తర్వాతి ఇద్దరూ ఎర్‌ఫర్ట్‌లో. నేతపని నుంచి వచ్చిన ఇంటిపేరు కాబట్టి జర్మనీలో వెబర్లు చాలామందే ఉంటారు, పేరు కలిసిందని బంధుత్వం కలిపేయకూడదు.

విట్టెన్‌బర్గ్ ఇంట్లో సైన్స్‌లో పేరు తెచ్చుకున్నవాళ్లు నిజానికి ముగ్గురు. పెద్దవాడు ఎర్నెస్ట్ (1795-1878) చేతిలోని బరువుకి ఇంకెంత కలిపితే మనిషికి తేడా తెలుస్తుందో పరీక్షించి, అది ముందున్న బరువుని బట్టి మారుతుందని, ఎక్కువ బరువు మోస్తున్నప్పుడు ఎక్కువ కలిపితేగానీ తెలియదని చూపించాడు. మీ సైకాలజీ వెబర్ ఈయనే. చిన్నతమ్ముడు ఎడ్వార్డ్‌ని పాఠ్యపుస్తకాలు పట్టించుకోవు, అది అన్యాయం. మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నాడిని ప్రేరేపిస్తే గుండె వేగం తగ్గుతుందని, ఆగిపోతుంది కూడా అని 1845లో పెద్దన్నతో కలిసి చూపించింది ఆయనే.

నడిపివాడు విల్‌హెల్మ్ (1804-1891), మీ ఫిజిక్స్ వెబర్. నాకు అందరికంటే గౌరవం ఈయన మీదే. 1833లో గణితవేత్త గౌస్‌తో కలిసి జర్మనీలోని గోటింగెన్‌లో సుమారు కిలోమీటరు దూరం తీగలు లాగి టెలిగ్రాఫ్ నడిపాడు. 1837లో గోటింగెన్‌ని ఏలుతున్న హానోవర్ రాజు రాజ్యాంగాన్ని రద్దు చేస్తే నిరసన పత్రం మీద సంతకం పెట్టిన ఏడుగురు ప్రొఫెసర్లలో ఒకడు, అందుకే ఉద్యోగం పోయింది. అయినా పరిశోధన ఆపలేదు. 1856లో మరో భౌతికవేత్త కోల్‌రౌష్‌తో కలిసి ఆయన చేసిన విద్యుత్ కొలతలే, కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమేనని భౌతికవేత్త మాక్స్‌వెల్ చెప్పడానికి ఊతమిచ్చాయి.

ఎర్‌ఫర్ట్ వాళ్లలో అన్న మాక్స్ (1864-1920), తమ్ముడు ఆల్‌ఫ్రెడ్ (1868-1958). ముడిసరుకు, రవాణా ఖర్చు, కూలీ చూసుకుని పరిశ్రమ ఎక్కడ పెట్టాలో చెప్పే సిద్ధాంతం తమ్ముడిది, 1909లో వచ్చింది. మాక్స్ పోయాక ఆయన పెద్ద పుస్తకం అచ్చుకి తెచ్చింది భార్య మరియానే వెబర్. ఆమె స్వయంగా స్త్రీల హక్కుల గురించి రాసిన మనిషి, 1919లో జర్మనీలోని బాడెన్ రాష్ట్ర చట్టసభకి ఎన్నికైంది కూడా.

సంగీతం ఇష్టమైతే ఇంకో జంట ఉంది: స్వరకర్త కార్ల్ మరియా ఫాన్ వెబర్, మోట్సార్ట్ భార్య కాన్‌స్టాంజె వెబర్. వీళ్లిద్దరూ అన్నదమ్ముల పిల్లలు.