పైరోమేనియా అని డాక్టరు రాసిస్తే కోర్టు వదిలేస్తుందా?

పదే పదే నిప్పు పెట్టే మీ పిన్ని కొడుక్కి ‘పైరోమేనియా’ (నిప్పు పెట్టాలనే కోరికని ఆపుకోలేని జబ్బు) అని సర్టిఫికెట్ తెస్తే కేసు పోతుందా అని అడిగారు. పోదు. బెంగళూరులో ఒక క్రిమినల్ లాయర్ దగ్గర జూనియర్‌గా ఉన్నప్పుడు నేనూ ఇదే ఆశ పెట్టుకున్నాను.

మదనపల్లె వైపు కుర్రాడు, పంతొమ్మిదేళ్లు. కలాసిపాళ్యలో గోడౌన్ పని. ఓ రాత్రి అట్టపెట్టెల గుట్టకి నిప్పంటించాడు. వాళ్లమ్మ వచ్చి, “పిచ్చేం ల్యాదు సామీ, మావానికి ఇంటి మీద బెంగ” అంది.

ఆ మాట పట్టుకుని రాత్రుళ్లు పుస్తకాలు తిరగేశాను. 1833లో పారిస్‌లో మార్క్ అనే డాక్టరు, బుద్ధి బాగానే ఉండి నిప్పు పెట్టాలనే కోరిక ఒక్కటే అదుపు తప్పే జబ్బు ఉందని రాశాడు. అంతకుముందే జర్మన్ వైద్యులు, ఇల్లు విడిచి పనికొచ్చిన చిన్న వయసు పనిపిల్లలు నిప్పు పెట్టడం గురించి రాశారు. 1909లో జర్మన్ మనోవైద్యుడు కార్ల్ యాస్పర్స్ ఏకంగా ఇంటి బెంగ, నేరాల మీదే థీసిస్ రాశాడు. అచ్చం మా కేసే! ఎగిరి గంతేశాను.

సీనియర్ అంతా విని ఒక్కటే అడిగారు: “నిప్పు పెట్టాక వాడేం చేశాడు?” చొక్కా మార్చుకుని మెజెస్టిక్ బస్టాండులో ఊరి బస్సు కోసం నిలబడ్డాడు. అంటే తప్పని తెలుసు. మతి చలించినవాడి నేరం గురించి 1843లో ఇంగ్లండ్‌లో పెట్టిన మెక్‌నాటన్ సూత్రాల నుంచి వచ్చిన ఐపీసీ సెక్షన్ 84 (ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్, సెక్షన్ 22) చూసేది అదే: చేస్తున్నదేమిటో, అది తప్పని తెలిసే స్థితిలో ఉన్నాడా అని. ఆపుకోగలిగాడా అని కాదు. మార్క్ చెప్పిన జబ్బంతా ఆపుకోలేకపోవడమే కదా!

1829లో ఇంగ్లండ్‌లో యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చిని తగలబెట్టిన జొనాథన్ మార్టిన్ కూడా పారిపోయినవాడే. అయినా జ్యూరీ మతి చలించిందని తేల్చింది. బయటికొచ్చాడా? లేదు, 1838లో లండన్‌లోని బెత్లెమ్ పిచ్చాసుపత్రిలోనే పోయాడు. ఇక్కడా 84 కింద గెలిచినవాడిని నేరుగా ఇంటికి పంపరు.

మా సీనియర్ ఆ బెంగని శిక్ష తగ్గించమని అడగడానికి వాడారు. కేసు పెట్టిన ఐపీసీ 436 (భవనాలకి నిప్పు పెట్టడం) యావజ్జీవం దాకా వెళ్లే సెక్షన్, మూడేళ్లతో బయటపడ్డాడు.

మీవాడికి నిజంగా జబ్బుంటే ఘటనకి ముందు నాటి ఓపీ చీటీలు, మందుల బిల్లులు వెతకండి. రుజువు చేసుకునే భారం మీదే. అరెస్టయ్యాక తెచ్చిన సర్టిఫికెట్‌ని పీపీ (ప్రభుత్వం తరఫు లాయర్) రెండు ప్రశ్నలతో తేల్చేస్తారు.