ఐస్ బాక్స్‌లో ఐస్ మధ్యాహ్నానికే కరిగిపోతోందా? - సమాధానం

మీరిద్దరూ చెట్టు నీడన కూర్చుని తిందామని పొద్దున సర్దుకెళ్తే, మధ్యాహ్నానికల్లా ఐస్ నీళ్లైపోయి పుచ్చకాయ ముక్కలు అందులో తేలుతున్నాయన్నారు. కొత్త బాక్స్ కొనకండి, తేడా సర్దడంలోనే ఉంది.

వేడిగా ఉన్న బాక్స్‌లో వేసిన ఐస్‌లో కొంతభాగం దాని గోడల్ని చల్లబరచడానికే ఖర్చవుతుంది. అందుకని ముందు రాత్రే గడ్డకట్టిన సీసా ఒకటి లోపల పెట్టి మూత బిగించండి. పొద్దున దాన్ని మార్చేయండి. పెట్టే డ్రింకులు కూడా ఫ్రిజ్‌లోంచి తీసినవే అయ్యుండాలి.

ట్రేలో చేసిన చిన్న ముక్కలు త్వరగా కరుగుతాయి, గాలి తగిలే పైభాగం ఎక్కువ కదా. లీటరు ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు గడ్డకట్టించండి. గడ్డకడితే నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి 850 మిల్లీలీటర్లకు మించి పోయొద్దు. గాజు సీసా అసలే వద్దు, పగులుతుంది. కరిగాక ఆ నీళ్లే తాగొచ్చు, బాక్స్‌లో తడి కూడా ఉండదు. పన్నెండు లీటర్ల బాక్స్‌కి అలాంటివి నాలుగైనా పడాలి, ఒకటి తప్పకుండా పైన. మిగిలిన ఖాళీలో టవల్ కుక్కండి.

పుచ్చకాయకి ఉప్పు, చక్కెర ముందే చల్లితే రసం ఊరిపోతుంది. పెద్ద చెక్కలుగా కోసి, బిగుతు మూత డబ్బాలో పెట్టి, తినేముందు చల్లుకోండి. ఎండ 32 డిగ్రీలు దాటితే, బయటికి తీసిన ముక్కలు గంటలోపే తినేయాలి, మిగిలితే పారేయడమే.

మాటిమాటికీ తీసే డ్రింకులు మాత్రం వేరే సంచిలో పెట్టండి.