17 ఏళ్ల కుర్రాడు హత్యాయత్నం చేస్తే పెద్దవాళ్లలాగే విచారిస్తారా?

విచారించరు. చాలామంది టీవీ చూసి పొరబడేది ఇక్కడే. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో నేరం ఎంత భయంకరంగా జరిగిందన్నది కొలబద్ద కాదు, దానికి చట్టం రాసిన శిక్షే కొలబద్ద. కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటేనే అది 'ఘోరమైన నేరం', పెద్దవాళ్లలా విచారించే వీలు వీటికే ఉంది. హత్యకు కనీసం యావజ్జీవం కాబట్టి అది ఇందులోకి వస్తుంది. హత్యాయత్నానికి పదేళ్ల దాకా, అందులో ఎవరైనా గాయపడితే యావజ్జీవం దాకా కూడా వేయొచ్చు గానీ కనీస శిక్ష అంటూ లేదు, అందుకే అది 'తీవ్రమైన నేరం' దగ్గరే ఆగిపోతుంది. ఇలా గరిష్ఠ శిక్ష ఏడేళ్లు దాటినా కనీస శిక్ష లేని నేరాలను ఎందులో వేయాలో మొదట చట్టంలో స్పష్టంగా లేదు, 2020లో శిల్పా మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చాక 2021 సవరణతో చట్టంలోకే ఎక్కించారు.

ఘోరమైన నేరమైనా, 16 నిండిన పిల్లాడు నేరుగా పెద్దల విచారణకు వెళ్లిపోడు. ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే జువెనైల్ జస్టిస్ బోర్డు మొదట ఆ నేరం చేయగల వాడి మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు అర్థం చేసుకునే శక్తి, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి చూసి, పెద్దవాళ్లలా విచారించడం అవసరమనిపిస్తేనే పిల్లల కోర్టుకు పంపుతుంది. లేదంటే గరిష్ఠంగా మూడేళ్లు స్పెషల్ హోమ్ (నేరం చేసిన పిల్లల్ని ఉంచే వసతి). ఉరిశిక్ష ఎలాగూ లేదు, విడుదలకు అవకాశం లేని యావజ్జీవం కూడా వేయకూడదు.

వయసు మాత్రం నేరం జరిగిన రోజుది లెక్క, అరెస్టయిన రోజుది కాదు. కాబట్టి ఇంట్లోవాళ్లు ముందుగా స్కూల్ ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ గానీ పదో తరగతి సర్టిఫికెట్ గానీ వెతికి పెట్టుకోవాలి, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం చూస్తారు.