చిట్టీ, లోజ్బాన్‌లో "తే" రాసేముందు

చిట్టీ,

నీ మెసేజ్ రాత్రి చూశా, "పెదనాన్నా, లోజ్బాన్‌లో ఇఫ్‌కి ఏం వాడాలి, ఒక్క మాట చెప్పు చాలు" అని. ఒక్క మాటలో అయ్యేదైతే రాత్రే చెప్పి పడుకునేవాణ్ణి. ఈ భాష పట్టుకుని నాకు పద్నాలుగేళ్లవుతోంది, ఇప్పటికీ షరతు వాక్యం వచ్చిందంటే ఒక్క నిమిషం ఆగి ఆలోచించే రాస్తా. అందుకే కాస్త పెద్ద ఉత్తరం, ఓపిగ్గా చదువు.

ముందు మన తెలుగు చూడు. వానొస్తే నేల తడుస్తుంది. నువ్వొస్తే నేనూ వస్తా. ఆకలేస్తే ఫ్రిజ్‌లో పెరుగుంది. నేను పక్షినైతే ఎగిరేదాన్ని. అన్నిట్లోనూ అదే "తే", వ్యాకరణంలో చేదర్థకం అని పేరు కూడా ఒకటే, కానీ ఒక్కోచోట ఒక్కో పని చేస్తోంది కదా. మనకి సందర్భం సాయం చేస్తుంది, "వస్తే గిస్తే" అన్నామంటే వచ్చేది డౌటే అని ఎదుటివాడికి తెలిసిపోతుంది. లోజ్బాన్‌లో ఆ సాయం ఉండదు. 1955లో జేమ్స్ కుక్ బ్రౌన్ మొదలుపెట్టిన లాగ్లాన్ అనే కృత్రిమ భాష నుంచి వచ్చిన భాష ఇది, లాజిక్‌నే వెన్నెముకగా పెట్టుకుని కట్టింది, కాబట్టి నీ "తే" ఏం చేస్తోందో ముందు నువ్వే తేల్చుకోవాలి.

అందరూ మొదట నేర్చుకునేది "గనై … గి …". వానొస్తే నేల తడుస్తుంది అనడానికి "గనై షర్వి గి లొ దెర్తు షు షిల్మొ". షర్వి అంటే వాన పడటం, దెర్తు మట్టి, షిల్మొ తడిగా ఉండటం. ఇంతవరకూ బానే ఉంది. కానీ ఆ గనైని విడదీసి చూడు, "గ" అంటే "లేదా", "నై" అంటే "కాదు". అంటే నువ్వు నిజానికి చెప్తున్నది "వాన పడట్లేదు, లేదా నేల తడిగా ఉంది" అని, అంతే. ఈ భాషలో లాజిక్ కలుపు మాటలకి నాలుగే అచ్చులు, అ అంటే లేదా, ఎ అంటే మరియు, ఒ అంటే రెండూ నిజం, లేదంటే రెండూ అబద్ధం, ఉ అంటే రెండోది ఎలా ఉన్నా మొదటిది నిజం. "ఇఫ్"కి విడిగా అచ్చే లేదు, లేదాని తిప్పి చేసుకున్నదే.

ఇప్పుడు నువ్వు పంపిన వాక్యం తీసుకుందాం. "గనై మి షిప్ని గి మి వొఫ్లి" అని రాశావు, నేను పక్షినైతే ఎగురుతా అని. గ్రామర్‌లో ఒక్క తప్పు లేదు. కానీ దాని పక్కనే "గనై మి షిప్ని గి మి న వొఫ్లి" అని రాయి, పక్షినైతే ఎగరను అని. నువ్వు పక్షివి కాదు కాబట్టి మొదటి సగం అబద్ధం, మొదటి సగం అబద్ధమైతే మొత్తం వాక్యం నిజం కిందే లెక్క, అంటే రెండూ నిజమే అయిపోయాయి! నీ మనసులో ఉన్న ఊహ ఆ వాక్యంలోకి రానే లేదమ్మా. దానికి నేనైతే ఇలా రాస్తా, "మి దహి వొఫ్లి వహొ లొ ను మి షిప్ని". వహొ అంటే "ఆ పరిస్థితిలో", దహి అంటే ఇది ఊహ, జరిగింది కాదు అని చెప్పే చిన్న మాట. తెలుగులో "ఎగిరేదాన్ని"లో ఉన్న "దాన్ని" చేసే పని ఇక్కడ దహి చేస్తుంది. దీన్ని బద్ధకించి వదిలెయ్యకు, ఊహకీ వాస్తవానికీ మధ్య గీత అదే.

ఆజ్ఞల్లో గనై అసలు పెట్టకు, ఇది గట్టిగా చెప్తున్నా. "వానొస్తే గొడుగు పట్టుకెళ్లు" అని "గనై షర్వి గి కొ బెవ్రి లొ సంత" రాస్తారు చాలామంది (సంత అంటే అక్కడ గొడుగు, మన సంత కాదు). కొ అంటే "ఈ వాక్యం నిజమయ్యేలా చూడు" అని నీకు చెప్పడం. మొత్తం వాక్యం నిజం కావాలంటే గొడుగైనా పట్టుకెళ్లాలి, లేదా వానైనా ఆపాలి! అలా కాకుండా "వహొ లొ ను షర్వి కెయ్ కొ బెవ్రి లొ సంత" అను, షరతు పక్కకి జరుగుతుంది, ఆజ్ఞ గొడుగు మీదే ఉంటుంది.

నువ్వొస్తే నేనూ వస్తా అన్నప్పుడు, నువ్వు రాకపోతే నేనూ రాను అనే కదా మన ఉద్దేశం, అలాంటప్పుడు ఇందాకటి ఒ అచ్చుతో "గొ దొ క్లమ గి మి క్లమ" (దొ అంటే నువ్వు, మి నేను, క్లమ రావడం). నువ్వొచ్చినా రాకపోయినా నేనొస్తా అయితే ఉ అచ్చుతో "గు మి క్లమ గి దొ క్లమ", నిజమయ్యేది ముందు వస్తుంది. పెరుగు వాక్యానికి షరతే అక్కర్లేదు, నీకు ఆకలున్నా లేకపోయినా పెరుగు ఫ్రిజ్‌లోనే ఉంటుంది, పెరుగుందని చెప్పి ఆకలేస్తే తిను అని విడిగా చెప్పెయ్.

వాన వల్లే నేల తడిసింది అని కారణం చెప్పాలంటే అది షరతే కాదు, "లొ దెర్తు షు షిల్మొ ఇ రిహ బొ షర్వి" అను. అక్కడ రెండూ జరిగాయని ఒప్పుకున్నట్టే. గనైలో కారణం ఊసే ఉండదు, ఈ రెండూ కలిపెయ్యకు.

ఇంకోటి, రెండు వాక్యాల మధ్యలో పెట్టి కలిపే రూపం "ఇనజ" (ఇందులో "జ" కూడా "లేదా"యే), అంటే "షర్వి ఇనజ లొ దెర్తు షు షిల్మొ". నేను మొదట్లో దీన్నీ "ఇజనై"నీ ఒకటే అనుకుని నెలల తరబడి అటూ ఇటూ రాశా, పాత నోట్‌బుక్ తీస్తే పేజీలకి పేజీలు తలకిందులుగా ఉన్నాయి, నేల తడిస్తే వానొచ్చినట్టు అని! ముందు "న" వస్తే ఎడమ వాక్యాన్ని కాదంటుంది, వెనక "నై" వస్తే కుడి వాక్యాన్ని. అప్పట్నుంచీ రాసిన ప్రతి వాక్యాన్నీ "ఫలానాది కాదు, లేదా ఫలానాది అవును" అని తెలుగులో పైకి చదివి చూసుకుంటా, నువ్వూ అలాగే చెయ్.

1997 నాటి రిఫరెన్స్ గ్రామర్‌లో 14వ అధ్యాయం ఈ కలుపు మాటల గురించే. కానీ అది తెరిచే ముందు, ఈ వారం ఇంట్లో వినపడ్డ "తే"లు ఓ పది రాసుకో, మీ అమ్మ రోజుకి ఇరవై అంటుంది ఎలాగూ, ఒక్కోదాని పక్కన గనైయా, గొనా, వహొనా, దహి కావాలా అని గుర్తు పెట్టి ఫొటో తీసి పంపు. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తా, కూర్చుని ఒక్కోటీ చూద్దాం.

నీ పెదనాన్న